నీరటికాడి ఈల

బ్రాస్ బోర్లా పడుకుని, కుడిచేతిని భుజం దాకా కాలువలోకి దూర్చి, సొరంగం మూతికి అడ్డంపడిన ఆకుల ముద్దను వేళ్ళతో తడిమి లాగుతున్నాడు. నీళ్ళు ఎముకను కొరికేంత చల్లగా ఉన్నాయి. ఎడమచెయ్యి కాలువ గట్టును పట్టుకుంది. ఆ గట్టు జానెడు వెడల్పు. దానికి అవతల ఏమీ లేదు. ఏమీ లేదంటే నిజంగానే ఏమీ లేదు, పాతిక తాటిచెట్ల లోతున తెల్లటి మంచు, ఆ మంచు కింద ఎక్కడో సముద్రం రాళ్ళను కొట్టుకుంటున్న చప్పుడు తప్ప.

ముద్ద ఊడి చేతిలోకి వచ్చింది. సొరంగం గుటక వేసినట్టు ఒక చప్పుడు చేసి నీళ్ళను మింగింది. బ్రాస్ లేచి కూర్చుని, ఆకులను లోయలోకి విసిరి, చేతిని చంకలో పెట్టుకుని వెచ్చబెట్టుకున్నాడు.

నలభై దాటిన మనిషి. పొట్టిగా, ఎండిన వేరులా ఉంటాడు. మోకాళ్ళ మీద చర్మం మేక మోకాళ్ళ మీదలా కాయకట్టింది. కాలివేళ్ళు ఒకదానికొకటి దూరంగా, చేతివేళ్ళలా విచ్చుకుని ఉంటాయి. ఇరవై ఆరేళ్ళు కొండచరియను పట్టుకుని బతికిన వేళ్ళు మరి. సముద్రానికి అవతల గొమేరా దీవిలో, ఒడ్డున నత్తలు ఏరుకుంటున్న కుర్రవాణ్ణి వలవేసి పట్టినట్టు పట్టుకొచ్చి, ఈ దీవిలో దింపి, ఆ రోజు ఏ పునీతుడి పండుగైతే ఆ పేరే పెట్టారు. బ్రాస్ అంటే గొంతు జబ్బులు నయం చేసే పునీతుడట. కుర్రవాడికి గొంతు జబ్బేమీ లేదు. అయినా ఎవరూ అడగలేదు.

ఇన్నేళ్ళయినా ఈ కాలువను చూసి నోరు తెరవడం అతను మానలేదు. తానే తవ్వాడు, తనతోపాటు తాళ్ళకు వేలాడుతూ ఇంకా ముప్ఫైమంది తవ్వారు. ఉలి ఎక్కడ పెట్టాడో, ఏ రాయి ఎన్నాళ్ళు ఏడిపించిందో అన్నీ తెలుసు. తెలిసినా సరే, పొద్దున్నే వచ్చి చూసేసరికి గుండె ఒకసారి ఆగి కొట్టుకుంటుంది. మబ్బుల్లో పుట్టిన నీటిని చెయ్యి పట్టుకుని, ఆమడ దూరం కొండ నడుము చుట్టూ తిప్పి, ఎక్కడా తొందరపెట్టకుండా, ఎక్కడా నిలవనివ్వకుండా కింద చెరకు మడుల్లోకి దింపడం మనిషి చెయ్యగలిగిన పనేనా? చేశారు. గాస్పర్ మలుపు, ఇద్దరన్నల మలుపు, మూగాడి సొరంగం అని ఇప్పటి కుర్రకారు నోటికి వచ్చినట్టు పేర్లు చెప్పుకుంటూ పోతారు. ఆ పేర్లు అక్కడ తాడు తెగి పడ్డవాళ్ళవని వాళ్ళకు తెలియదు. పట్టణంలో కాగితాల మీద మాత్రం ఈ కాలువను తవ్వించిన దొర పేరు ఉంది. అతను దీన్ని కిందనుంచి తలెత్తి చూశాడు, అంతే. మెడ నొప్పి పుట్టిందట.

పైన అడవిలో ముసలి చెట్లు మంచులో నిలబడి ఉన్నాయి. ఒక్కో మాను నలుగురు చేతులు కలిపి పట్టుకున్నా అందదు. వాన లేకపోయినా వాటి ఆకులనుంచి నీళ్ళు కారతాయి. మంచును ఆకులతో జుర్రుకుని, వేళ్ళలోంచి కిందికి వదులుతాయి. బ్రాస్ దృష్టిలో ఆ చెట్లు పాడిఆవులు. కిందివాళ్ళు వాటిని చెరకురసం కాచే కొప్పెరల కింద పొయ్యిలోకి నరుక్కుంటూ ఏటేటా పైకి వస్తున్నారు.

అతను కాలువలోకి కర్ర దించి, కర్ర మీద తడి ఎంత ఎత్తుకు ఎక్కిందో చూశాడు. మళ్ళీ దించాడు.

నీళ్ళు నాలుగు వేళ్ళు తగ్గాయి.

రాత్రంతా కొండ మీద వాన. వాన పడ్డ మర్నాడు నీళ్ళు తగ్గడమేమిటి?

అప్పుడే మంచులోంచి ఈల వచ్చింది. మనిషి గొంతు ఈ మంచులో పది గజాలు పోయేసరికి తడిసి కింద పడిపోతుంది. ఈల అలా కాదు. లోయకు అటునుంచి బయలుదేరి, ఇటు బండకు తగిలి, తిన్నగా చెవిలో వచ్చి వాలుతుంది. గొమేరావాళ్ళు ఈలతోనే మాట్లాడుకుంటారు. పిట్టకూత కాదది, మాట. పేరు పెట్టి పిలవవచ్చు, తిట్టవచ్చు, పెళ్ళి సంబంధం కుదుర్చుకోవచ్చు.

"ఆహుగా, ఉన్నావా?"

ఆహుగ అన్నది తల్లి పెట్టిన పేరు. ఈ దీవిలో ఆ పేరుతో పిలిచేవాడు ఒక్కడే, బెనార్తె. తొమ్మిదేళ్ళ కిందట వేరే దొర తోటలోంచి పారిపోయి, మంచుకు పైన గుహలో ఉంటున్నాడు. దొంగమేకలతో బతుకుతాడు. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు ఇంతవరకూ చూసుకోలేదు. చూసుకుంటే ప్రమాదమని మొదట్లో అనుకున్నారు, తరవాత అలవాటైపోయింది.

బ్రాస్ చూపుడువేలు మడిచి నోట్లో పెట్టుకుని, రెండో చెయ్యి దొప్పలా పట్టి ఊదాడు. "ఉన్నా."

"రాత్రి వాన కుమ్మేసింది. మేకలన్నీ గుహలోకొచ్చి నన్ను బయటికి తోసినయ్."

"ఎవరి మేకలో?"

"నా దగ్గరున్నయ్ కాబట్టి నాయే. ఇయాళేనా నిన్ను లెక్కపెట్టేది?"

"ఇవాళే. నన్ను పాకం మేస్త్రీనని చెప్తారంట."

ఈలలో నవ్వితే ఎలా ఉంటుందో ఆ లోయ ఒక్కసారి విన్నది. "నువ్వా! నీకు పాలకీ పాకానికీ తేడా తెల్సా?"

"అది సరేగాని, పైన ఏమైంది? నీళ్ళు తగ్గినయ్."

 "రాత్రి పెద్ద చప్పుడొకటైంది. మంచు, ఏం కనపడ్డంలా. పోయి చూసి చెప్తాలే," అంది ఈల.

*

లెక్క సంగతి నాలుగు రోజుల కిందట తెలిసింది. సముద్రానికి అవతలున్న రాజుగారి ఆజ్ఞ. గొమేరా, దాని చుట్టుపక్కల కనారీ దీవులనుంచి తెచ్చిన మగవాళ్ళు బానిసలైనా, విడుదలైనవాళ్ళైనా ఈ దీవి విడిచిపోవాలి. వాళ్ళు కొండలెక్కి పారిపోతున్నారు, మేకలు దొంగిలిస్తున్నారు, ఈలలు వేసుకుని ఒకరికొకరు కాపు కాస్తున్నారు. పాకం మేస్త్రీలు మాత్రం ఉండవచ్చు. పాకం మేస్త్రీ లేకపోతే పంచదార లేదు, పంచదార లేకపోతే రాజుగారి ఓడలు ఒట్టివే పోవాలి. రాజులకు కూడా ఎక్కడ జాలిపడాలో బాగా తెలుసు.

ఓడ ఎటు పోతుందో ఎవరికీ చెప్పలేదు. బ్రాస్‌కు ఆ భయం లేదు. ఒకసారి ఓడెక్కినవాడికి రెండోసారి ఏముంది? అతని భయం భార్య బ్రితెస్ గురించి. గినీ తీరంనుంచి వచ్చిన మనిషి, గానుగ దగ్గర చెరకు పెట్టే పని. పదిహేడేళ్ళ కాపురం. ఇద్దరు బిడ్డలు పుట్టి ఇద్దరూ ఏడాది తిరక్కుండా పోయారు. ఆమె కనారీ మనిషి కాదు కాబట్టి ఆజ్ఞ ఆమెకు తగలదు. పోతే అతనొక్కడే పోవాలి.

అతన్ని పాకం మేస్త్రీగా రాయించే ఉపాయం పెత్తందారు మెందో ఆలోచించింది ప్రేమకొద్దీ కాదు. ఆ కాలువ మీద నడవగలిగినవాడు ఇంకొకడు లేడు, అందుకు.

బ్రాస్ చెరకు మర దగ్గరికి దిగేసరికి మెందో గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. లావుపాటి మనిషి, ఎప్పుడూ ఎవరో తన అన్నం తింటున్నట్టు చిరాకుగా ఉంటాడు.

"ఎక్కడ చచ్చావురా? లెక్క రాసే గుమాస్తా వాగు దాటుతున్నాడు."

"దొరా, పైన నీళ్ళు తగ్గినయ్. వానొచ్చి తగ్గినయ్. ఎక్కడో కొండ జారి వాగుకి అడ్డంగా కట్టలా పడుంటది. ఒక్కసారి ఎక్కి చూసొస్తా."

"ఇవాళ నువ్వు కొండెక్కితే రేపు ఓడెక్కుతావ్. నోర్మూసుకుని మేస్త్రీ చొక్కా తొడుక్కో."

"కట్ట తెగితే..."

"ఒరే, ఇవాళ నువ్వు నీరటికాడివి కాదు. అర్థమైందా? నీళ్ళ పేరెత్తావంటే చంపేస్తా."

మర ఉన్న చోటు కూడా చెప్పుకోవాలి. పైనుంచి వచ్చే వాగు కొండమీదే ఒక బండ దగ్గర చీలి, రెండు లోయల్లోంచి దిగుతుంది. ఆ రెండు పాయల మధ్య నాలుకలా చాచుకున్న పల్లంలో గానుగ, కొప్పెరల సాల, పంచదార ఆరబెట్టే కొట్టం, అరవైమంది మనుషులు. నీటిచక్రం తిరగాలంటే పల్లంలోనే ఉండాలి మరి. మెరక కావాలంటే ఎడమ వాగు దాటి అటు గట్టెక్కాలి, లేదా కుడి వాగు దాటి ఇటు మడుల మీదికి ఎక్కాలి.

సాల లోపల అడుగు పెట్టగానే బ్రాస్‌కు ఊపిరాడలేదు. ఐదు రాగి కొప్పెరలు వరసగా పొయ్యిమీద ఉన్నాయి. ఒక్కోదాంట్లో ఎద్దు మునుగుతుంది. మొదటి దాంట్లో పచ్చటి చెరకురసం నురగలు కక్కుతోంది. పక్కదానిలోకి పోస్తున్నకొద్దీ రంగు ముదిరి, చివరిదాంట్లో కరిగిన బంగారంలా మెల్లగా, బరువుగా, లోపల ఏదో జంతువు ఊపిరి తీస్తున్నట్టు పొంగి కుంగుతోంది. తాను కొండమీద చేత్తో తడిమి వదిలిన నీళ్ళే ఇలా అవుతున్నాయా అని అతను అలాగే చూస్తూ నిలబడిపోయాడు. పొయ్యి దగ్గర కట్టె ఎగదోసేవాళ్ళ వీపులు చెమటతో నల్లరాయిలా మెరుస్తున్నాయి. ఒకడికి మోచేతి కింద చెయ్యి లేదు. గానుగ తినేసింది.

"రావయ్యా కొండమేకా!" అన్నాడు అసలు పాకం మేస్త్రీ అల్వారో. ముసలివాడు. కనుబొమలు ఎప్పుడో కాలిపోయాయి, మళ్ళీ రాలేదు. "నలభై ఏళ్ళు పట్టింది నాకీ పని. నీకు అరగంటలో నేర్పాలంట. ఇంద, పట్టు." చిల్లుల గరిటె ఒకటి చేతిలో పెట్టాడు. మనిషంత పొడుగు కర్ర, చివర రాగి చిప్ప. "ముంచు, ఎత్తు, చుక్క తీసుకో. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి లాగు. తీగ సాగాలి. తెగినప్పుడు పైకి ముడుచుకోవాలి. ముడుచుకుంటే దించెయ్యమని కేకెయ్యి. వేళ్ళు కాలతాయి. కాలనట్టు ముఖం పెట్టు. మేస్త్రీతనం అంతా ఆ ముఖంలోనే ఉంది."

"కాలితే కాలనీ. ఎప్పుడు ముంచాలి?"

"అదే నేర్పలేను."

బ్రాస్ చివరి కొప్పెర మీదికి వంగి చెవి పెట్టాడు. బుడగలు మొదట గలగలమన్నాయి. కాసేపటికి గొంతు మార్చి గుప్‌గుప్‌మన్నాయి. ఇంకాసేపటికి ఒక్కొక్కటీ ఆగి, ఆలోచించుకుని పగులుతున్నాయి. అతను గరిటె ముంచి, చుక్క తీసి లాగాడు. తీగ వచ్చింది, తెగింది, ముడుచుకుంది.

అల్వారో కనుబొమలు లేని నుదురు పైకెత్తాడు. "ఎవరు చెప్పారు నీకు?"

"నీళ్ళు ఎక్కడున్నా నీళ్ళేగా మేస్త్రీ. మాట్లాడతాయి."

"ఓరి నీ! ఇరవై ఆరేళ్ళు ఆ కొండమీద వృథా చేశారురా నిన్ను."

గుమ్మం దగ్గర బ్రితెస్ చెరకు పిప్పి గంప దించి నిలబడింది. పొడుగు మనిషి, మాట తక్కువ. అల్వారో చొక్కాలో మొగుణ్ణి చూసి నవ్వు ఆపుకుంది. "పొడుగు చొక్కాలో చేతులే కనపడటంలేదు. అచ్చం మేస్త్రీలాగే ఉన్నావులే," అంది మెల్లగా. నాలుగు రోజుల తరవాత ఆమె ముఖం మీద నవ్వు రావడం అదే మొదలు.

*

న్యాయాధికారి గుమాస్తా సన్నటి మనిషి. దగ్గుతాడు. పుస్తకాన్ని గుండెకు అదుముకుని ఉన్నాడు. పొగలో కళ్ళు తుడుచుకుంటూ, "ఏడీ మేస్త్రీ?" అన్నాడు.

"వీడే," అన్నాడు మెందో. "వీడు లేకపోతే మా పొయ్యి ఆరిపోతుంది."

"గొమేరావాడు కదూ?"

"పుట్టుక గొమేరా. పని మేస్త్రీ."

గుమాస్తా బ్రాస్ కాళ్ళవైపు చూశాడు. విచ్చుకున్న ఆ వేళ్ళను చాలాసేపు చూశాడు. "ఏదీ, పాకం తియ్యి చూద్దాం," అన్నాడు.

 బ్రాస్ కొప్పెర మీదికి వంగి విన్నాడు. ఇంకా కాలేదు. ఇంకా కాలేదు. బుడగలు నెమ్మదించాయి. గరిటె ముంచి ఎత్తాడు. చుక్కను వేళ్ళమధ్య పెట్టుకుని లాగాడు. వేళ్ళు చురుక్కుమన్నాయి. ముఖం రాయిలా పెట్టాడు. తీగ సాగింది, వెలుగులో వెంట్రుకంత సన్నగా మెరిసింది.

గుమాస్తా పుస్తకం తెరిచాడు. కలం తీశాడు. బ్రితెస్ గుమ్మం కర్రను పట్టుకుంది.

ఈల వచ్చింది.

పొగగూటి గుండా, గానుగ కిరకిర మీదుగా, కొండ కొసనుంచి వచ్చింది. సాలలో అందరూ అది డేగ అనుకున్నారు. బ్రాస్ వెన్ను మాత్రం నిటారుగా లేచింది.

"ఆహుగా! కట్ట తెగింది! నీళ్ళొస్తున్నయ్, చెట్లతో సహా వస్తున్నయ్!"

బ్రితెస్‌కు ఈలలో మూడే మాటలు తెలుసు. రా, తిన్నావా, వానొస్తోంది. దూరపు మడుల్లో ఉన్నప్పుడు అతను ఆమెతో అనే మాటలు అవి. ఈ ఈలలో ఏముందో ఆమెకు తెలియదు. దానికి జవాబిస్తే ఏమవుతుందో మాత్రం తెలుసు. దగ్గరికి వచ్చి మొగుడి మోచెయ్యి పట్టుకుంది.

"విననట్టుండు," అంది పెదవులు కదపకుండా.

"నీళ్ళు," అన్నాడు.

ఏ పాయలో వస్తున్నాయి? ఎడమ వాగులోనా, కుడి వాగులోనా? ఎడమనుంచి వస్తుంటే అందరూ కుడి వాగు దాటి మడులెక్కాలి. కుడినుంచి వస్తుంటే ఎడమకు పరుగెత్తాలి. తప్పు వైపు పంపితే అరవైమందీ నీళ్ళకు ఎదురెళ్ళినట్టే. పైన మంచులో నిలబడినవాడికొక్కడికే ఆ సంగతి కనబడుతుంది. అడగాలి.

బ్రాస్ గరిటెను విసిరెయ్యలేదు. పొయ్యిగట్టు మీద, చిప్ప బూడిదలో పడకుండా చూసి ఆనించాడు. పాకం అంటిన వేలు మడిచి నోట్లో పెట్టుకున్నాడు. నాలుక మీద తీపి కాలింది. ఊదాడు.

రాగి కొప్పెరలు గణగణమన్నాయి. కప్పు మీద ఎండుగడ్డి వణికింది. ఎగదోసేవాళ్ళు చెవులు మూసుకున్నారు. గానుగకు చెరకు పెడుతున్నవాడు ఆపేశాడు. ఇన్నేళ్ళు ఆ పొట్టి మనిషిలో అంత గొంతు ఉందని ఎవరికీ తెలియదు. అందులో మాటలున్నాయని, అది ఒక మనిషి ఇంకొక మనిషిని పేరుపెట్టి అడగడమని, చెవిటివాడికి కూడా అర్థమయ్యేలా ఉంది.

"బెనార్తె! ఏ వాగు?"

కొండమీంచి జవాబు దూకింది.

"ఎడమ! ఎడమ! ఎడమ!"

"ఎడమ వాగు!" అరిచాడు బ్రాస్. "అందరూ కుడి దాటండి! మడులెక్కండి! పొయ్యి వదిలెయ్యండర్రా, పరుగెత్తండి!"

ఎవరూ ఎందుకని అడగలేదు. ఆ ఈల విన్నాక అడిగే ఓపిక ఎవరికీ లేదు. పంచదార పోసే అచ్చులు కడుగుతున్న ఆడవాళ్ళు, చెరకు మోపులవాళ్ళు, ముసలి అల్వారోను వీపుమీద వేసుకున్న బ్రితెస్, పుస్తకాన్ని నెత్తిన పెట్టుకున్న గుమాస్తా, అందరూ కుడి వాగు దాటి మడుల మీద పడ్డారు. అప్పుడు నేల గొణిగింది. తరవాత ఎడమ లోయ నోట్లోంచి అది వచ్చింది. నీళ్ళు అనడానికి లేదు. కొండే లేచి నడిచి వచ్చినట్టుంది. నలుగురు చేతులు కలిపినా అందని ముసలి మానులు దాంట్లో పుల్లల్లా నిలువునా తిరుగుతున్నాయి. బండలు ఒకదానికొకటి తగిలి లోపలినుంచి ఉరుముతున్నాయి. చెరకు కుప్పలు, గాడిదల పాక, ఎడమ గట్టున కట్టేసిన గుమాస్తా కంచరగాడిద, కన్ను మూసి తెరిచేలోగా లేవు. సాల గోడను ఒక నాలుక నాకింది, వెనక్కి తీసుకుంది.

మెందో మోకాళ్ళ మీద ఉన్నాడు. కొందరు దండం పెడుతున్నారు. ఎవరికి పెడుతున్నారో వాళ్ళకే తెలియదు. దేవుడికా, ఆ నీళ్ళకా? బ్రాస్ నోరు తెరుచుకుని చూస్తున్నాడు. ఇరవై ఆరేళ్ళు ఆ నీటిని జానెడు కాలువలో పిల్లికూనలా నడిపించాడు. ఆ పిల్లికూన ఇదేనని అతనికి ఇప్పటిదాకా తెలియదు.

*

నీళ్ళు తీసేసరికి మధ్యాహ్నమైంది. లెక్కపెట్టుకున్నారు, అరవై ఒక్కరూ ఉన్నారు. ఆడవాళ్ళు వచ్చి బ్రాస్ చేతులు ముట్టుకుని వెళ్ళారు. కృతజ్ఞత చాలా మంచిది. పొట్ట నిండి ఉన్నంతసేపు ఉంటుంది.

గుమాస్తా రాయి మీద కూర్చుని చాలాసేపు దగ్గాడు.

"పైన ఎవడు?"

బ్రాస్ కాలిన వేలిని చల్లటి రాయికి ఆనించాడు.

"నా ప్రాణం నిలబెట్టావు. కాదనను. కాని నేను రాసేవాణ్ణి. కొండల్లో దొంగలతో ఈలలేసేవాణ్ణి మేస్త్రీ అని రాస్తే, రేపు పట్టణంలో నన్నడుగుతారు. అరవైమంది విన్నారు."

"వీడు మేస్త్రీయే అయ్యా," అన్నాడు అల్వారో. "ఒట్టేసి చెప్తున్నా. నా కన్నా బాగా తీశాడు పాకం."

"అయితే ఒక పని చెయ్యి." గుమాస్తా గొంతు తగ్గించాడు. "ఇంకో ఈల వెయ్యి. వాణ్ణి కిందికి పిలువు. వాడొస్తే చాలు, నిన్ను మేస్త్రీ అని రాస్తాను. ఈ ఆడమనిషి పక్కన ముసలివాడివై చస్తావు. ఇంతకన్నా నేను చెయ్యలేను."

"వెయ్యరా బ్రాస్," అన్నాడు మెందో. అతని గొంతులో మొదటిసారి బతిమాలుకోవడం ఉంది. "దొంగముండావాడి కోసం నీ బతుకెందుకు?"

బ్రాస్ బ్రితెస్‌వైపు చూశాడు. ఆమె అతనివైపు చూడలేదు, కొండవైపు చూస్తోంది.

అతను లేచాడు. వేలు మడిచాడు. ఈసారి తొందరపడలేదు. ఒక్కొక్క మాటనూ ఉలితో చెక్కినట్టు, అంచులు అరగకుండా పైకి పంపాడు.

"బెనార్తె, నీ మాటవల్ల ఇక్కడ అరవై ఒక్కరం బతికాం. ఇక పిలవకు. కుక్కల్ని తెస్తారు. మేకల్ని వదిలేసి ఉత్తరం గట్టు దాటి పో. నేను ఉండను. నీ ముఖం ఎట్టా ఉంటదో నాకు తెలిసినట్టే ఉంది. పో."

బ్రితెస్ చెవులు రిక్కించి విన్నది. తనకు తెలిసిన మూడు మాటల్లో మొదటిది 'రా'. చివర తోక పైకి లేస్తుంది. ఆ ఈలంతా వెతికింది. ఆ తోక ఎక్కడా లేదు. అర్థమైంది. ఒక్క మాట అంటే చాలు, వీడు పిలవలేదయ్యా, మళ్ళీ వెయ్యమనండి అంటే చాలు. ఆమె తలగుడ్డ విప్పి మళ్ళీ కట్టుకుంది.

జవాబు రాలేదు. తొమ్మిదేళ్ళలో కొండ జవాబివ్వకపోవడం అదే మొదటిసారి. పొద్దు వాలేదాకా అందరూ అటే చూస్తూ కూర్చున్నారు. మంచు ఒకసారి విడిపోయింది, అవతల ఉత్తరం గట్టు తడిసి నీలంగా కనబడింది, మళ్ళీ మూసుకుంది.

"ఏమని పిలిచావు?" అన్నాడు గుమాస్తా.

"రమ్మన్నా దొరా."

"రాలేదే?"

"దొంగోడు దొరా. మాట వినడు."

చెరకు మోపులవాళ్ళలో ఎవరో కిసుక్కున నవ్వారు. గుమాస్తా బ్రాస్ ముఖాన్ని, అతని కాళ్ళను, మళ్ళీ ముఖాన్ని చూశాడు. పుస్తకంలో ఒక ముక్క రాసి, సిరా మీద ఇసుక చల్లి ఆరబెట్టాడు.

"పద," అన్నాడు.

ఒడ్డు దాకా బ్రితెస్ వచ్చింది. పడవ తయారుగా ఉంది. ఇంకా నలుగురు కనారీవాళ్ళు అప్పటికే కూర్చుని ఉన్నారు, ఎవరో తెలియనివాళ్ళు.

"నాకు వినపడింది," అంది ఆమె.

"ఏంది?"

"రా అనలేదు నువ్వు."

బ్రాస్ నీళ్ళవైపు చూశాడు.

"మంచి పని చేశావని నేననను," అంది. "నా నోటితో అనిపించకు." తలగుడ్డ అంచు తడిపి, అతని పెదవి మూల ఎండిపోయిన పాకాన్ని తుడిచింది. చిన్నపిల్లవాడికి తుడిచినట్టు గట్టిగా తుడిచింది. "అల్వారో చొక్కా ఇచ్చెయ్. ముసలాడికి ఇంకోటి లేదు."

అతను చొక్కా విప్పి ఇచ్చాడు. కాలివేళ్ళు విచ్చుకుని, జారకుండా, తడి రాళ్ళ మీద నడిచి పడవలో కూర్చున్నాడు. తెడ్లు నీళ్ళలో పడ్డాయి. పడవ అలల మీదికి ఎక్కింది, దిగింది, ఎక్కింది, మంచులోకి పోయింది. అంతే.

సాలలో పొయ్యి దానంతటదే ఆరిపోయింది. చివరి కొప్పెరలో పాకం మాడి నల్లటి రాయిలా అడుగంటింది. దాన్ని గీకడానికి వారం పడుతుందని అల్వారో తిడుతూ లోపలికి వచ్చి, గట్టు దగ్గర ఆగిపోయాడు. చిల్లుల గరిటె అక్కడే, పెట్టిన చోటే, చిప్పకు బూడిద అంటకుండా ఆనించి ఉంది. దాని అంచునుంచి వెంట్రుకంత సన్నటి తీగ ఒకటి సగం దాకా జారి, గాలిలో గడ్డకట్టి, గుమ్మంలోంచి వచ్చే సాయంత్రపు వెలుతురులో తెగకుండా వేలాడుతోంది.